విశాఖలో చాలిన గీజరు అరకులో చాలదేం?

విశాఖపట్నంలో బిగించిన 25 లీటర్ల గీజరు చలికాలం పొద్దున ఇంచుమించు మూడు బకెట్ల స్నానం నీళ్ళిస్తుంది. అదే గీజరును ఘాట్ రోడ్డెక్కించి, 115 కిలోమీటర్ల అవతల అరకులో గోడకు తగిలిస్తే పుష్యమాసంలో రెండు బకెట్లు దాటడం కష్టం. కంపెనీ అదే, మీట అదే, వెలిగే ఎర్రలైటూ అదే. మారిందల్లా దానిలోకి వచ్చే చన్నీళ్ళు.

లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. గీజరు నీటిని 60 డిగ్రీల దాకా కాచిందనుకుందాం. ఆ వేడి ఒంటికి పట్టదు కాబట్టి చన్నీళ్ళు కలిపి 40 డిగ్రీలకు దించుకుంటాం. విశాఖలో జనవరి పొద్దున మేడమీది ట్యాంకులో నీళ్ళు 25 డిగ్రీలుంటే, 25 లీటర్ల వేడి నీళ్ళకు ధారాళంగా చన్నీళ్ళు కలిపి 58 లీటర్లు చేసుకోవచ్చు. అరకులో రాత్రంతా మంచులో తడిసిన ట్యాంకు నీళ్ళు 12 డిగ్రీలుంటే, కలిపేవే మరీ చల్లగా ఉంటాయి కాబట్టి మొత్తం 43 లీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న మాట ఉంది కానీ, కొండమీద ఆ తోడు అంత గట్టిది కాదు. పైగా కాచేందుకు పట్టే కరెంటు కూడా ఎక్కువ. విశాఖలో ఒక యూనిట్‌తో అయ్యే పని అరకులో 1.4 యూనిట్లు తింటుంది. 2 కిలోవాట్ల ఎలిమెంటుకు అక్కడ అరగంట పడితే ఇక్కడ ముప్పావుగంట.

గీజరు పాడై కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు చాలామంది పాతదాని సైజే అడుగుతారు. లేదా విశాఖలోని బంధువులు ఏది కొన్నారో కనుక్కుని అదే తెప్పించుకుంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఈ రెండు పద్ధతులూ పనికిరావు.

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. చింతపల్లి మండలంలోని లంబసింగి వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది. డిసెంబరు వచ్చిందంటే చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం, పాడేరు పక్కన మినుములూరు కాఫీ బోర్డు కేంద్రం నమోదు చేసే ఉష్ణోగ్రతలు పత్రికల మొదటి పేజీలకు ఎక్కుతాయి. అయిదు డిగ్రీలు, మూడు డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే తక్కువ. పొగమంచు తొమ్మిది, పది గంటల దాకా వదలదు. సందర్శకులు ఫొటోలు తీసుకుని మురిసిపోయే సమయంలోనే ఇళ్ళల్లో బడికి పోయే పిల్లలకు స్నానాలు చేయించాలి. అతిథి గృహాల వాళ్ళు ఎనిమిది గదులకు ఒకేసారి వేణ్ణీళ్ళందించాలి.

గీజర్లు రాకముందు ఇక్కడ చలికాలం ఎలా గడిచిందంటే, పొయ్యి మీద గడిచింది. మూడు రాళ్ళు, వాటిమీద మసిబారిన కాగు, కింద అడవి కట్టె. చాలా గూడేల్లో ఇప్పటికీ అంతే. ఆ పొయ్యే గదికీ వెచ్చదనం, రాత్రి దాని చుట్టూనే నిద్ర. అయితే ఆ మంటలో పుట్టిన వేడిలో నూటికి 10 నుంచి 15 వంతులే నీటికి చేరుతుంది. తక్కినదంతా పొగతో కలిసి కప్పులోంచి పోతుంది. అయిదుగురున్న ఇంట్లో మనిషికి 15 లీటర్ల చొప్పున స్నానం నీళ్ళు కాచాలంటే రోజుకు అయిదు కిలోల ఎండుకట్టె కావాలి. నెలకు 150 కిలోలు. వంటచెరకు దీనికి అదనం. దాన్ని అడవి నుంచి మోసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ పొగ ముందు కూర్చునేదీ వాళ్ళే.

మైదానంలో కలిగినవాళ్ళ పెరట్లో వెలిగే రాగి బాయిలరు దీనికంటే తెలివైన వస్తువు. నిలువు పీపాలాంటి రాగి పాత్ర, దాని నడుమ ఒక గొట్టం, అడుగున నిప్పుల జల్లెడ. నిప్పు గొట్టంలో మండుతుంది, నీళ్ళు గొట్టం చుట్టూ ఉంటాయి కాబట్టి వేడి చాలావరకు నీటికే అందుతుంది. పైన గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే పక్క గొట్టంలోంచి చెంబుడు వేణ్ణీళ్ళు బయటికొస్తాయి. వాల్వు లేదు, థర్మోస్టాటు లేదు, చెడిపోయే భాగమే లేదు. పుల్లలు, కొబ్బరి చిప్పలు, వేరుశనగ తొక్కు ఏది వేసినా మండుతుంది. ఇప్పుడు స్టీలువి కూడా దొరుకుతున్నాయి. ఆరుబయట చోటుండి, తోటలో కాఫీ మొక్కల నీడచెట్లు కొట్టిన కొమ్మలు ఎలాగూ మిగిలే రైతు ఇంటికి గీజరు కంటే ఇదే మేలని చెప్పడానికి సందేహించక్కర్లేదు. దాన్ని గదిలోపల పెట్టకపోతే చాలు.

1960ల్లో ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం అరకును విశాఖకు దగ్గర చేసింది. 2017లో ఆ రైలుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక ఆదరణ ఇంకా పెరిగింది. ప్రభుత్వ హరిత రిసార్టులు నిండిపోయాక మిగిలిన జనం ప్రైవేటు గదులకు, గూడేల పక్కన వెలసిన హోమ్‌స్టేలకు మళ్ళారు. లంబసింగి, వంజంగి మేఘాల కొండ దగ్గరైతే గుడారాలే గుడారాలు. గది చూపించగానే వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘వేడినీళ్ళొస్తాయా’ అనే. గీజరు ఈ కొండల్లో ఇంటి సౌకర్యంగా కంటే ముందు వ్యాపారపు అవసరంగా పాతుకుంది.

ఈ విషయంలో చలిదేశాల పద్ధతి ఒకటి తెలుసుకోదగ్గది. బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల ఇళ్ళలో వంటింటి గోడకో, అరలోనో గ్యాసు బాయిలరు ఒకటి ఉంటుంది. అది స్నానానికి నీళ్ళు కాచడమే కాదు, గదిగదికీ గొట్టాల్లో వేణ్ణీళ్ళు తిప్పి ఇంటినే వెచ్చబరుస్తుంది. పాతది పోతే ఇష్టమొచ్చినవాడితో కొత్తది బిగించుకోవడం కుదరదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న పనివాడే రావాలి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి గ్యాసు బాయిలరు మార్చితే, అరుదైన మినహాయింపులు పోగా, పొగలో పోయే వేడిని కూడా పట్టుకునే కండెన్సింగ్ రకమే పెట్టాలి. గ్యాసు బాయిలరు తీసేసి హీట్ పంపు పెట్టుకుంటే 7,500 పౌండ్ల సాయం చేసే పథకం కూడా అక్కడ నడుస్తోంది. మంచి పనివాడు సైజు చెప్పే ముందు ఇంటి గోడలు, కిటికీలు, మనుషుల సంఖ్య లెక్కగడతాడు. మనకు అంత తతంగం అక్కర్లేదు. కానీ ఆ లెక్కలో ఒక చిన్న ముక్క, అంటే ఎంతమంది, ఎంత చల్లటి నీళ్ళు, ఎంతసేపట్లో అన్నది మనమూ వేసుకోవాలి. దుకాణంలో ఎవరూ వేసిపెట్టరు.

ముందసలు గీజరు మార్చాలా అన్నది చూడాలి. నీళ్ళు కారుతున్నాయని చాలామంది కొత్తదానికి పరుగెడతారు. కారేది పై వాల్వు దగ్గరో, గొట్టం బిగింపు దగ్గరో అయితే అది చిన్న ఖర్చు. నీళ్ళు కాగకపోతే ఎలిమెంటు కాలి ఉండొచ్చు, థర్మోస్టాటు పోయి ఉండొచ్చు. రెండూ మార్చుకోదగ్గ భాగాలే. ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం ఆ క్షణమే మీట ఆపేసి మనిషిని పిలవాలి. లోపలి ట్యాంకే చిల్లిపడి, అడుగు మూతలోంచి తుప్పు నీళ్ళు కారుతుంటే అప్పుడే దాని ఆయుష్షు తీరినట్టు. దాన్ని అతికించడం వృథా.

ట్యాంకు ఎందుకు చిల్లిపడుతుందో పాత గీజరు అడుగు పళ్ళెం విప్పితే కనబడుతుంది. ఎలిమెంటు పక్కనే వేలి లావున మెగ్నీషియం కడ్డీ ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని యానోడ్ రాడ్ అంటారు. నీటిలోని తుప్పు ట్యాంకును వదిలి ముందు దాన్ని తింటుంది. కొత్తలో నున్నగా ఉండే కడ్డీ, నాలుగైదేళ్ళు ఎవరూ పట్టించుకోని గీజర్లో గుంటలు పడి, సన్నని ఇనుప తీగ మీద బూడిదరంగు ముక్కలు వేలాడుతూ బయటికొస్తుంది. ఆ తీగ కూడా బయటపడిందంటే ఇక తుప్పు దృష్టి ట్యాంకు మీదే. ఏడాదికి, రెండేళ్ళకు ఒకసారి ఆ కడ్డీ చూసి మార్చితే గీజరు ఎన్నో ఏళ్ళు వస్తుంది. గీజరు ధరతో పోలిస్తే కడ్డీ ధర లెక్కలోది కాదు. అయినా దాన్ని అడిగి మార్పించుకునేవాళ్ళు మాత్రం కనబడరు.

కొండ నీళ్ళకూ మైదానం నీళ్ళకూ ఇక్కడ ఇంకో తేడా ఉంది. విశాఖలో బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఎలిమెంటు మీద తెల్లని సున్నపు పెచ్చు కడుతుంది. ఏజెన్సీలో చాలా ఊళ్ళకు పై కొండ ఊట నుంచి గ్రావిటీ పథకం ద్వారా గొట్టాల్లో నీళ్ళు దిగుతాయి. ఖోండలైట్, చార్నకైట్ రాళ్ళలోంచి వచ్చే ఈ ఊటల్లో సున్నం సాధారణంగా తక్కువ, కాబట్టి పెచ్చు బెడద తక్కువ. అలాగని సంబరపడనక్కర్లేదు. సున్నం లేని మెత్తని నీరు లోహాన్ని తినడంలో చురుకైనది. బొర్రా గుహల చుట్టుపక్కల సున్నపురాయి ఉంది కాబట్టి అక్కడి నీటి తీరు వేరు. మీ నీళ్ళేవో తెలియాలంటే టీ కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లగా గార కట్టి ఉంటే సున్నం నీళ్ళు. వానాకాలంలో మాత్రం ఎక్కడైనా ఎర్రమట్టి కొట్టుకొస్తుంది. గీజరుకు ముందు జల్లెడ ఫిల్టరు ఒకటి పెట్టించి, ఆశ్వయుజంలో వానలు వెనకబట్టాక దాన్ని కడిగించుకోవాలి.

ఇక కొనడానికి వస్తే, అన్నిటికంటే చవకది నీళ్ళలో ముంచే హీటరు కడ్డీ. సంతల్లో కూడా దొరుకుతుంది. 1500 వాట్ల కడ్డీకి 20 లీటర్ల బకెట్టును 12 నుంచి 42 డిగ్రీలకు తేవడానికి అరగంట లోపే పడుతుంది. ఖర్చు 0.7 యూనిట్. పని మంచిదే, పని చేసే తీరే ప్రమాదం. మీట వేసి ఉండగానే నీళ్ళు కాగాయా అని చెయ్యి పెట్టి చూడటం, ఇనుప బకెట్లో వేలాడదీయడం, రెండు పిన్నుల ప్లగ్గుతో ఎర్తు లేకుండా వాడటం, పిల్లలు తిరిగే చోట నేలమీద పెట్టడం. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటైనా ప్రాణం తీయగలదు. ఐఎస్‌ఐ గుర్తున్న కడ్డీ, ప్లాస్టిక్ బకెట్, మూడు పిన్నుల ప్లగ్గు, మీట ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవడం. ఈ క్రమశిక్షణ లేని ఇంట్లో కడ్డీ ఉండకూడదు.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చూడ్డానికి ముచ్చటగా, ధర కూడా తక్కువగా ఉంటుంది. మీట వేయగానే వేడినీళ్ళని ప్రకటనలు. సముద్రపు ఒడ్డున ఆ మాట నిజమే. 3 కిలోవాట్ల ఎలిమెంటు 25 డిగ్రీల నీటిని 40కి చేర్చి నిమిషానికి దాదాపు 3 లీటర్లు ఇవ్వగలదు. ఏడు నిమిషాల్లో బకెట్ నిండుతుంది. 12 డిగ్రీల నీటికైతే నిమిషానికి లీటరున్నరే. బకెట్‌కు పదమూడు నిమిషాలు. దీనికి లో వోల్టేజీ తోడైతే వ్యవహారం ఇంకా దిగజారుతుంది.

వోల్టేజీ మాట విడిగా చెప్పుకోవాలి. ఎలిమెంటు ఇచ్చే వేడి వోల్టేజీతో పాటు మామూలుగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 230 వోల్టులుండాల్సిన చోట 180 వస్తుంటే, తగ్గింది నాలుగో వంతు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ 2000 వాట్ల గీజరు అప్పుడు 1225 వాట్లే ఇస్తుంది. ముప్పావుగంటలో కాగాల్సిన 25 లీటర్లకు గంటా పది నిమిషాలు పడుతుంది. పైన చెప్పిన ఇన్‌స్టంట్ గీజరు బకెట్ నింపడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి దూరంగా, పొడుగు లైను చివర ఉన్న గూడేల్లో పొద్దున్నే అందరూ మోటార్లు, గీజర్లు వేసే వేళకు జరిగేది ఇదే. ఆంధ్రా–ఒడిశా సరిహద్దులో, ముంచింగిపుట్టు పక్కనే ఉన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు తయారు చేస్తోంది. ఆ కొండల నీటితో పుట్టిన కరెంటు మైదానానికి దిగింది కానీ, ఆ కొండల్లోని ఊళ్ళన్నిటికీ సరైన వోల్టేజీతో చేరడానికి దశాబ్దాలు పట్టింది. మీ ఇంట్లో పొద్దున ఆరింటికి ఎన్ని వోల్టులుంటున్నాయో ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించి చూశాకే గీజరు ఎంచుకోండి. మధ్యాహ్నం చూస్తే లాభం లేదు.

కాబట్టి కరెంటు మీదే ఆధారపడే ఇంటికి నిల్వ గీజరే సరి. ముందురోజు రాత్రో తెల్లవారుజామునో, లైను మీద బరువు లేనప్పుడు కాచి పెట్టుకోవచ్చు. నలుగురున్న ఇంటికి విశాఖలో 15 లీటర్లది చాలితే అరకులో 25 లీటర్లది తీసుకోవాలి. లోపలి ట్యాంకు గాజుపూత ఉన్నదైనా, మంచి స్టెయిన్‌లెస్ స్టీలుదైనా ఫర్వాలేదు. యానోడ్ రాడ్ ఉందా, ఆ కంపెనీ సర్వీసు మనిషి పాడేరు, అరకు దాకా వస్తాడా అన్నవి ముఖ్యం. విశాఖలో కూర్చుని ‘మా పరిధిలోకి రాదండీ’ అనే గ్యారంటీ కాగితం ఎన్నేళ్ళదైతే ఏం?

నక్షత్రాల లేబుల్ గురించి చిన్న తిరకాసు ఉంది. గీజరు మీద నక్షత్రాలు చెప్పేది అది నీటిని ఎంత పొదుపుగా కాస్తుందని కాదు. కాగిన నీటిని 24 గంటలు అలాగే ఉంచితే ఎంత వేడి బయటికి పోతుందన్నది చెబుతాయి. ఏ గీజరైనా కాచేటప్పుడు తినే కరెంటు ఇంచుమించు ఒకటే. అందుకని ముప్పావుగంట వేసి స్నానం అవగానే ఆపేసే ఇంటికి మూడు నక్షత్రాలకూ అయిదుకూ తేడా బిల్లులో పెద్దగా కనబడదు. రాత్రి కాచి పొద్దున వాడే ఇంటికీ, రోజంతా ఆన్‌లో ఉంచే అతిథి గృహానికీ అయిదు నక్షత్రాలదే కొనాలి. చుట్టూ గాలి ఎంత చల్లగా ఉంటే గీజరు ఒంట్లోంచి వేడి అంత త్వరగా పోతుంది మరి.

గ్యాసు గీజరుకు వోల్టేజీతో పని లేదు. నిమిషానికి 6 లీటర్ల రకం 12 డిగ్రీల నీటిని కూడా సుమారు అయిదున్నర లీటర్ల చొప్పున స్నానానికి తగ్గట్టు కాచి ఇస్తుంది. వేగంలో దీన్ని మించింది లేదు. అయితే ఇది స్నానాలగదిలో పెట్టేది కాదు. చలికని కిటికీ మూసి, తలుపు బిగించి స్నానం చేస్తుంటే మంట ఆ గదిలోని ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి కాళ్ళు తేలిపోయి పడిపోయేదాకా తెలియదు. దేశంలో ఏటా చలికాలం ఈ చావుల వార్తలు వస్తూనే ఉంటాయి. గీజరు బయటి గోడకు, గాలి ఆడే చోట, వాన తగలకుండా చిన్న కప్పు కింద ఉండాలి. వేడి నీటి గొట్టం ఒక్కటే లోపలికి రావాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీళ్ళు కొంత ఒత్తిడితో వస్తేనే దీని మంట అంటుకుంటుంది. ట్యాంకు సరిగ్గా స్నానాలగది కప్పుమీదే ఉంటే ఒత్తిడి చాలక అది వెలగనే వెలగకపోవచ్చు. తెల్లవారుజామున సిలిండరు చల్లబడి గ్యాసు మందకొడిగా వస్తుంది కూడా. అందుకని సిలిండరును నిప్పు దగ్గరికి జరిపేవాళ్ళున్నారు. అంతకంటే పెద్ద పొరపాటు లేదు.

ఇదే కార్బన్ మోనాక్సైడ్ గదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటికీ వర్తిస్తుంది. గూడెంలో పెంకుటింటి సందుల్లోంచి పొగ పోతుంది. అద్దాల కిటికీల సిమెంటు గదిలోనూ, జిప్పు బిగించిన గుడారంలోనూ పోదు. లంబసింగిలో గుడారం అద్దెకిచ్చేవాళ్ళు ఈ మాట సందర్శకులకు గట్టిగా చెప్పాలి.

సోలారు సంగతి చాలామంది తీసిపారేస్తారు. మంచు ప్రాంతంలో ఎండెక్కడిదంటారు. నిజానికి అరకులో చలి బాగా ముదిరే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఆకాశం తేటగా ఉంటుంది. పొగమంచు పదింటికి విడిపోయాక సాయంత్రం దాకా ఎండ దంచుతుంది. ఆ ఎండలో కాగిన నీళ్ళు దళసరి పొర ఉన్న ట్యాంకులో రాత్రంతా నిలబడి పొద్దున్నే కుళాయిలోకి వస్తాయి. ఇబ్బందంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టినప్పుడు. ఆ నెలలకు ట్యాంకులోనే 2 కిలోవాట్ల ఎలిమెంటు ఒకటి ఉంచుకుంటారు. 100 లీటర్ల సోలారు హీటరు ఏడాదికి సుమారు 1500 యూనిట్లు ఆదా చేస్తుందని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ చాలాకాలంగా చెబుతున్న లెక్క.

సోలారులో రెండు రకాలు. నల్లటి రాగి రేకు, సన్నని గొట్టాలు, పైన అద్దం ఉండేది ఫ్లాట్ ప్లేట్. రెండు పొరల గాజు గొట్టాల మధ్య గాలి తీసేసి ఉండేది రెండోది. ఫ్లాట్ ప్లేట్ గట్టిది, కానీ తేటగా ఉన్న రాత్రి అది తన వేడిని ఆకాశంలోకి వెళ్ళగక్కుతూ చుట్టూ గాలి కంటే చల్లబడిపోతుంది. గాలి రెండు మూడు డిగ్రీలున్నా సన్నని గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగలగొట్టే ప్రమాదం ఉంది. అరకు బజారుకు ఈ భయం తక్కువ, లంబసింగికి ఎక్కువ. అందుకే చింతపల్లి వైపు గాజు గొట్టాల రకమే నయం. పలకలు దక్షిణం వైపు, ఈ అక్షాంశానికి సుమారు 30 డిగ్రీల వాలుతో ఉండాలి. వేసవి ఎండ కోసం కాదు, కిందికి వాలిన చలికాలపు సూర్యుడి కోసం ఆ వాలు. ట్యాంకు పలకలకంటే ఎత్తున ఉంటేనే కాగిన నీరు తేలికై దానంతట అది పైకెక్కుతుంది. పంపు అక్కర్లేదు. 100 లీటర్ల నీళ్ళే వంద కిలోలు, పైన ట్యాంకు, చట్రం బరువు. రేకుల ఇంటిమీద పెట్టడం కుదరదు. కింద ప్రత్యేకంగా స్టాండు కట్టించుకోవాలి. ఒకటి గుర్తుంచుకోవాలి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇచ్చేది కరెంటు పుట్టించే పలకలకే, నీళ్ళు కాచే హీటర్లకు కాదు. పేరు విని పొరబడి అప్పు చేసేవాళ్ళున్నారు.

నాలుగు గదుల హోమ్‌స్టే ఒకటి అనుకుందాం. గదికి ఇద్దరు, మనిషికి 25 లీటర్లు, మొత్తం 200 లీటర్ల స్నానం నీళ్ళు. 12 నుంచి 40 డిగ్రీలకు ఆరున్నర యూనిట్ల వేడి కావాలి. కరెంటు ఖర్చు అంత భయంకరమేం కాదు. నాలుగు గీజర్లు ఆరింటికి ఒకేసారి వేస్తే లాగే 8 కిలోవాట్లే భయంకరం. అది దాదాపు 35 ఆంపియర్లు. ఇంటి మీటరుకు మంజూరైన లోడు అంతకు ఎంతో తక్కువ ఉంటుంది. వైర్లు కాగి, ఫ్యూజు పోయి, గదుల్లోవాళ్ళు తువ్వాళ్ళు కట్టుకుని బయటికొస్తారు. ఇలాంటి చోటుకు 200 లీటర్ల సోలారు, దానికి తోడు ఒక ఎలిమెంటు మంచి జోడీ. లేదంటే గాలిలోని వేడిని పట్టి నీటికిచ్చే హీట్ పంపు. చలిగాలిలో కూడా ఒక యూనిట్‌కు రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుంది. ఖరీదు ఎక్కువ, బాగుచేసేవాళ్ళు దూరం. ఎనిమిది, పది గదులుంటేనే దాని జోలికి పోవాలి.

కొన్నాక సగం పని బిగింపులో ఉంది. నీళ్ళు నిండిన 25 లీటర్ల గీజరు 35 కిలోలు పైమాటే. మట్టి గోడకు, బోలు ఇటుకల గోడకు మామూలు మేకుబోల్టులు ఆగవు. వెనకవైపు పలకేసి ఆరపార బోల్టు కొట్టాలి, లేదా ఇనుప స్టాండు పెట్టాలి. వేడినీటి వైపు సాధారణ పీవీసీ గొట్టం వేస్తే కొన్నాళ్ళకు మెత్తబడి వంగిపోతుంది. సీపీవీసీ కావాలి. ఆ గొట్టం ఆరుబయట పోతుంటే నురగ తొడుగు వేయించాలి. లేకపోతే మొదటి అర బకెట్ చల్లగానే వస్తుంది. ఒత్తిడి ఎక్కువైతే నీళ్ళు వదిలే సేఫ్టీ వాల్వు బొట్లుబొట్లుగా కారుతోందని బిరడా కొట్టేవాళ్ళున్నారు. అది కారడానికే ఉంది. దాన్ని మూస్తే గీజరును బాంబుగా మార్చినట్టే. గీజరు నిండి, వేడి కుళాయిలోంచి ధార వచ్చాకే మొదటిసారి మీట వేయాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు నిమిషాల్లో మాడిపోతుంది, గ్యారంటీ కూడా దానితో పోతుంది.

వైరు 2 కిలోవాట్లకు కనీసం రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగిది, 3 కిలోవాట్లకు నాలుగుది. 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగు. మైదానంలో తడి నేలలో ఎర్తు కడ్డీ సులభంగా పనిచేస్తుంది. కొండ రాతినేలలో కడ్డీ లోతుకు దిగదు. దిగినా గీజర్లు వాడే చలికాలంలోనే నేల ఎండిపోయి ఉంటుంది. రాయి తగలని చోట లోతుగా గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి, గొట్టం దించి అప్పుడప్పుడు నీళ్ళు పోస్తుండాలి. పోసింది చాలిందో లేదో మీటరుతో చూపించమనాలి. దీనిపైన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే, కరెంటు ఏ కాస్త దారి తప్పినా రెప్పపాటులో లైను ఆపేస్తుంది. గీజరు మీద బేరమాడి మిగిల్చిన డబ్బు దీనికి పెట్టండి. అతిథి గృహం నడిపేవాళ్ళకు ఇది ఇష్టం వచ్చినప్పుడు చేసుకునే పని కాదు.

గిరిజన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ పథకం ఉంది. రోజుకు ఒకసారి 25 లీటర్లు కాచుకుంటే నెలకు 42 యూనిట్లు. బల్బులు, టీవీ, ఫ్యాను కలిపినా ఆ హద్దు దాటదు. అంటే చాలా ఇళ్ళలో గీజరుకు అడ్డం వచ్చేది బిల్లు కాదు. కొనే ఖర్చూ, వోల్టేజీ, ఎర్తింగూ అడ్డం.

ఆశ్రమ పాఠశాలల సంగతి వేరు. ఇంటింటి వేణ్ణీళ్ళకంటే అక్కడి వేణ్ణీళ్ళే ముందు పట్టించుకోవాల్సినవి. ఇళ్ళు వదిలి వచ్చిన 200 మంది పిల్లలున్న వసతి గృహంలో తలకు 10 లీటర్ల చొప్పున లెక్కేస్తే 2000 లీటర్లు. కట్టెలతో కాస్తే రోజుకు 130 కిలోల కట్టె, కరెంటుతో కాస్తే 65 యూనిట్లు. రెండూ ప్రతిరోజూ జరిగే పని కాదు. కాబట్టి సోలారే దారి. సోలారు పెట్టడం కంటే దాన్ని నడిపించడం కష్టం. గొట్టం పగిలిందనో, వాల్వు పోయిందనో ఒకసారి ఆగిందంటే మరమ్మతుకు మనిషి కొండెక్కి రావాలి, దానికి బిల్లు మంజూరు కావాలి. ఈలోగా చలికాలం వెళ్ళిపోతుంది. కొనుగోలు టెండరులోనే అయిదేళ్ళ నిర్వహణను కలపడం, పాడేరులో ఒక మెకానిక్‌ను, విడి గొట్టాలను సిద్ధంగా ఉంచడం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు పెద్ద ఖర్చు కాదు. ప్రతి బడి సోలారునూ సెప్టెంబరు ఆఖరుకల్లా ఒకసారి తనిఖీ చేయిస్తే, దసరా సెలవుల నుంచి తిరిగొచ్చే పిల్లలకు కుళాయిలో వేణ్ణీళ్ళు వస్తాయి.